పాత చీటీ పీకకూడదు

ఎండుమొక్కల గదిలో ఆవిణ్ని అందరూ చీటీలమ్మ అంటారు. ముప్ఫై ఏళ్లుగా గింజలు లేని మొక్కల అల్మరాలు మూడూ ఆవిడవే: నాచులకొకటి, ఈకల్లాంటి ఆకుల ఫెర్న్‌లకొకటి, గణుపులు గణుపులుగా పెరిగే గుర్రపుతోక మొక్కలకొకటి. ఏ మొక్క ఎవరికి చుట్టమో పైవాళ్లు మాట మార్చినప్పుడల్లా ఈవిడ మోకాళ్లు నొప్పెడుతున్నా నిచ్చెనెక్కి, ఎండుమొక్కలు అంటించిన అట్టలు దించి, కొత్త పేరు చీటీ అంటిస్తుంది. పాత చీటీ మాత్రం పీకకూడదు, అది ఆ గది నియమం. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు గోటితో గిల్లుకుంటూ నిట్టూరుస్తుంది.

ఇవాళ కొత్త ఆఫీసరు కాగితం తెచ్చాడు. "గుర్రపుతోకలు కూడా ఫెర్న్‌ల వంశమేనని తేల్చారమ్మా. మొత్తం అటు మార్చేయండి." దించిన మొదటి గుర్రపుతోక అట్ట మీదే ఆవిడ రాసిన పాత చీటీ కనబడింది. 'ఫెర్న్' అని, ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన గుండ్రటి అక్షరాలు. వాటిని కొట్టేసి అప్పటి ఆఫీసరు ఎర్రసిరాతో రాసిన మాట: 'కళ్లున్నాయా?' ఆ రోజు అందరి ముందూ చీవాట్లు తింది.

"అరె, మొదట్లోనే సరిగ్గా పెట్టారే! ఎవరమ్మా అంత తెలిసినవాళ్లు?" అన్నాడు కొత్తాయన.

"తెలిసి కాదు సార్, తెలియక పెట్టింది" అని, ఎర్రసిరా మాట కప్పుకుపోకుండా పక్కనే కొత్త చీటీ అంటించి, ఆవిడ రెండో అట్ట కోసం మళ్లీ నిచ్చెనెక్కింది.