ఓటీపీతో మారిన బ్రేకు పైపు

తయారీలో లోపం ఉన్నందున మీ బండి ముందు బ్రేకు పైపును ఉచితంగా మార్చి ఇస్తామని మోటార్‌సైకిల్ కంపెనీ పంపిన సందేశం నా ఫోనుకు వచ్చింది. బండి కొన్నది నా పేరు మీద. నడిపేది తమ్ముడు. వాడు రోజూ నందిగామ నుంచి జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీకి, హైవే మీద సున్నపురాయి లారీల మధ్య వెళ్లి వస్తాడు. ఆ దారిలో ముందు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో ఊహించడానికి నాలాగా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడే కానక్కర్లేదు.

అయినా ఆ సందేశాన్ని వెంటనే నమ్మలేదు. కంపెనీ వెబ్‌సైటు తెరిచాను. లోపమున్న పైపుల బ్యాచ్ నంబర్లు అక్కడ ఇచ్చారు. టార్చిలైటు వేసి మా బండి పైపు మీది నంబరు చదివాను. అది ఆ జాబితాలో ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నాను.

"పైపుని కూడా ఆధార్ కార్డు అడుగుతావేంటన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

మర్నాడు వాడు డ్యూటీకి పోతూ బండిని జగ్గయ్యపేట షోరూంలో వదిలాడు. పదకొండింటికి షోరూం అమ్మాయి నాకు ఫోను చేసింది. మీకు ఓటీపీ వచ్చింది, చెబితే పని మొదలుపెడతాం అంది. అప్పుడు నేను ల్యాబులో, ద్రావణం రంగు మారకముందే బ్యూరెట్ రీడింగు రాసేసిన విద్యార్థిని మందలిస్తున్నాను. ఆ మందలింపు మధ్యలోనే ఆరంకెలూ చదివేశాను. ఫోను పెట్టేశాక సందేశం పూర్తిగా చదివితే, అది పని మొదలుపెట్టడానికి ఇచ్చిన సంఖ్య కాదు. పని సంతృప్తికరంగా పూర్తయిందని యజమాని ధ్రువీకరించే సంఖ్య. గ్యాస్ సిలిండరు దింపకముందే, కొరియరు కవరు కంట పడకముందే అంకెలు చెప్పేయడం మన ఊళ్లలో అందరికీ అలవాటైపోయింది. నాకు ఆ అలవాటు లేదనుకునేవాణ్ణి.

సాయంత్రం బండి తళతళలాడుతూ వచ్చింది. కడిగారు, ట్యాంకుకు పాలిష్ పట్టించారు, చైనుకు ఆయిల్ వేశారు. హెడ్‌లైటు పక్కన ‘భద్రతా తనిఖీ పూర్తి’ అని ఆకుపచ్చ స్టిక్కరు కూడా అంటించారు. పైపు మీది నంబరు మాత్రం నా ఫోటోలో ఉన్నదే. మూడుసార్లు పోల్చి చూశాను. చెయ్యని పనికి ఎంత ఓపిగ్గా మెరుగు పెట్టారో!

మా వీధి చివర బండ్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జాయింటు దగ్గరి రబ్బరు తొడుగు వెనక్కి జరిపి, పైపును రెండు వేళ్లతో వంచాడు. వెంట్రుకంత పగులు. బ్రేకు నొక్కితే ఆ పగుల్లోంచి ఆయిల్ చెమటలా ఊరింది.

"ఇది మార్చామని ఎవరన్నారు మాస్టారూ?"

చెప్పాను. ఆయన పైపు ఊడదీసి నా చేతికిచ్చాడు. ఆ మోడలుకు సరిపడే కొత్తది నందిగామలో ఏ షాపులోనూ దొరకలేదు. తమ్ముడు రేపటికైతే బస్సులో వెళ్తానన్నాడు. ఎల్లుండి నుంచి సెకండ్ షిఫ్టు, రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సులుండవు.

"వెనక బ్రేకుందిగా అన్నయ్యా, నెమ్మదిగా వస్తాలే" అన్నాడు.

వాడు అన్నంత పనీ చేస్తాడు. నాకు మిగిలింది ఒక్క రోజు.

కాలేజీకి సెలవు పెట్టి, పైపును పాలిథీన్ కవరులో చుట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను. షోరూం మేనేజరు కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. కంప్యూటరు నా వైపు తిప్పాడు. జాబితాలో మా బండికీ, దాని పైనా కిందా ఉన్న బండ్లన్నిటికీ పని పూర్తయినట్టు టిక్కులున్నాయి. నేను ఫోటో చూపించి, పైపు తీసి బల్ల మీద పెట్టాను. సిగ్గుపడతాడనో, బుకాయిస్తాడనో అనుకున్నాను. అతని మొహం విప్పారింది.

"అమ్మయ్య, ఇది తెచ్చారా సార్! పాత పైపులు పంపమని కంపెనీ వాళ్లు ఒకటే గొడవండి. ఇంతవరకూ ఒక్కటీ పంపలేదు."

జాబితా నిండా టిక్కులు. పాత పైపు ఒక్కటీ లేదు. ఇందులో లెక్క కట్టవలసింది ఏమీ లేదు. మిగతావాళ్ల సంగతేమిటని అడిగాను. నెలాఖరులోగా జాబితా మూసెయ్యాలట. బ్రేకు పని తెలిసిన మెకానిక్కు మానేశాడట. సర్వీసుకొచ్చినప్పుడు ఒక్కొక్కటీ మారుద్దామనుకున్నారట. ఎవరికీ ఏమీ కాలేదు కదండీ అని నాకే ధైర్యం చెప్పాడు. కొత్త పైపుల అట్టపెట్టె అతని వెనక అలమరలోనే ఉంది. రైలు పెట్టెలో ఎంగిలి ఆకు సీటు కిందకి తోసేసినంత తేలిగ్గా మాట్లాడుతున్నాడు.

ఫిర్యాదు చేస్తానన్నాను.

"చేసుకోండి సార్, మీ ఇష్టం. కాకపోతే ఫైలు మళ్లీ తెరవాలంటే పై నుంచి ఆర్డరు రావాలి. పదిహేను రోజులు పడుతుందండి. ఇది ఇక్కడ వదిలేసి, నిన్ననే మార్చినట్టు సంతకం పెట్టారనుకోండి, కొత్తది ఇప్పుడే పట్టుకెళ్లొచ్చు."

పదిహేను రోజుల సెకండ్ షిఫ్టు. వెనక బ్రేకు ఒక్కటే. నేను సంతకం పెట్టాను. అతను పగిలిన పైపుకు ముందురోజు తేదీ వేసిన చీటీ కట్టి, ఫోటో తీసుకుని, సొరుగులో పడేశాడు. తాగిన మజ్జిగ బస్సు దిగేదాకా గొంతులో పులిసింది.

మర్నాడు మధ్యాహ్నం సాయిబుగారు కొత్త పైపు బిగించి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఆయిల్ వదిలాడు. నేను బ్రేకును ముప్పైసార్లు గట్టిగా నొక్కి, జాయింటు కింద తెల్ల కాగితం పట్టి చూశాను. తడి లేదు. తమ్ముడు హెల్మెట్ పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

సాయిబుగారు కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటూ ఆ పాత పైపు ఇమ్మన్నాడు. అవే బండ్లు మరో నాలుగు ఆయన దగ్గరికి వస్తాయట. షోరూంలో మార్చేశారని వాళ్లంతా ధీమాగా ఉన్నారట.

"ఊరికే చెబితే నమ్మరు మాస్టారూ. చేతిలో పెట్టి వంచి చూపిస్తే నమ్ముతారు."

అది షోరూంలో ఇచ్చేశానన్నాను. నేను కళ్లారా చూశానని వాళ్లతో చెప్పమన్నాను.

"మరి మీ బండి కాగితంలో ఏమని ఉంది?"

షోరూంలోనే మార్చారని ఉందన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, పక్కనున్న బండి ముందు కూర్చున్నాడు.