నాలుగు మడతల పరీక్ష

పుప్పాలగూడ ఎల్లేశానికి పని రానివాళ్ళంటే ఒళ్ళు మంట. తనకు పని వచ్చు. పాతబస్తీలో ఒక గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు చివికిపోయిన పుస్తకాలు కుట్టాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం ఎంత కలపాలో చూపుతోనే చెప్పగలడు. అన్నేళ్ళూ కాంట్రాక్టు మనిషే. బైండింగు గది మూసేశాక, హైటెక్ సిటీలో పాత పుస్తకాలు స్కాన్ చేసే కంపెనీలో చేరాడు. మెడలో 'కన్జర్వేషన్ ఎగ్జిక్యూటివ్' అని కార్డు వేలాడదీశారు. ఇక్కడా కాంట్రాక్టే.

పైన మేనేజరు జశ్వంత్. ముప్పై కూడా నిండలేదు, ఒక్క పుస్తకం కొసదాకా చదివిన పాపాన పోలేదు. పుస్తకాలను అసెట్స్ అంటాడు. క్లయింట్లు వస్తే ఎల్లేశం చేతులకు తెల్ల గ్లవ్స్ తొడిగించి ఫొటోలు తీయిస్తాడు. గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేళ్ళకు తెలియదనీ, పేజీ చిరుగుతుందనీ వీడికి చెప్పడం దండగనుకుని ఎల్లేశం తొడుక్కునేవాడు.

పుస్తకం వెన్ను కోసేస్తే కాగితాలు మెషిన్లో దూసుకుపోతాయి. కోయకపోతే ఒక్కో పేజీ చేత్తో తిప్పాలి. కోసింది ఆ తర్వాత తుక్కుకే. అందుకని కంపెనీ ఒక రూలు పెట్టింది. పేజీ మూలను అటూ ఇటూ మడవాలి. నాలుగు మడతల్లో విరిగితే కాగితం పెళుసు, కోయొచ్చు. సంతకం ఎల్లేశానిది. మూలలు విరగ్గొట్టుకుంటూ చదివేవాడెవడని నవ్వుకుని, మెత్తగా మడిచి, బాగుందని రాసేవాడు.

"ఎల్లేశం గారూ, మీరన్నీ బాగున్నాయంటే టార్గెట్ ఎలా అవుతుందండీ? లీడ్ పోస్టుకి మీ పేరే పంపాను. పర్మనెంటండి, ఫ్యామిలీకి ఇన్సూరెన్సు కూడా. ఈ వారం రిపోర్టు చూసి ఫైనల్ చేస్తారు" అన్నాడు జశ్వంత్.

ఇంట్లో భార్య నీలమ్మ గోడ పట్టుకుని లేస్తోంది. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అన్నారు దవాఖానలో. "ఇన్నేండ్లు పుస్తకాలకు కుట్లేసినవు. నా మోకాళ్ళ ఫికర్ జర చెయ్యయ్యా" అంది.

మర్నాడు జశ్వంత్ పక్కనే నిలబడ్డాడు, కళ్ళు ఫోన్లో. బల్లమీద పాత వైద్య పుస్తకం. తెరవగానే ఎల్లేశం కుట్టు గుర్తుపట్టాడు. ముడి ఎడమవైపు. తన చేతిదే.

మూల మడిచాడు. ఈసారి గట్టిగానే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. విరగలేదు. కాగితాన్ని ఎంత బాగా కాపాడానో అని ఒక్క క్షణం గర్వపడ్డాడు కూడా.

"అయిందాండీ?" అన్నాడు జశ్వంత్ తలెత్తకుండా.

ఎల్లేశం ఐదోసారి మడిచాడు. మూల ఊడి చేతిలోకి వచ్చింది.

"విరిగింది సార్."

"ఎన్నో మడతకి?"

"నాలుగో దానికి."

జశ్వంత్ టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి అలవాటుగా మనసులో తిట్టుకోబోయి ఎల్లేశం ఆగాడు. వాడు లెక్కపెట్టలేదు. తను పెట్టాడు.