చూద్దాంలే బావ

మా బావకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గాని, బజారులో ఎవరిని అడిగినా ‘చూద్దాంలే గారి కళ్ళజోళ్ళ దుకాణం’ అనే దారి చూపిస్తారు. ఊరందరికీ చూపు సరిచేసే ఆ మనిషి నోట ఎప్పుడూ అదొక్కటే మాట. ఇంటి పైకప్పు కారుతోందంటే చూద్దాంలే. దుకాణం బోర్డులో రెండక్షరాలు రాలిపోయాయంటే చూద్దాంలే. ఆ బోర్డు చదవలేక, తమకే చూపు మందగించిందనుకుని లోపలికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

పనిలో మాత్రం బద్ధకస్తుడు కాడు. విరిగిన కళ్ళజోడు తెచ్చి బల్ల మీద పెడితే, మెడ వంచి, నువ్వుగింజంత స్క్రూని వేలికొన మీద నిలబెట్టుకుని, మీరు కూర్చున్న చోటి నుంచి లేచేలోపు బాగుచేసి చేతికిస్తాడు. ఆయనకి భయమల్లా వార్తలంటేనే. ఏ సంగతైనా తేలిపోయే ఘడియ దగ్గరపడుతోందంటే అక్కడినుంచి జారుకుంటాడు. టీవీలో ఆట చూస్తూ చూస్తూ, సరిగ్గా చివరికొచ్చేసరికి చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు. ఎవరు గెలిచారో పొద్దున్న చెప్పమంటాడు.

అక్క దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడకి ఏదైనా అప్పటికప్పుడు తేలిపోవాలి. ‘చూద్దాంలే’ అన్నది చెవిన పడితే ఒంటికాలి మీద లేస్తుంది. “చూడ్డానికి ఇంకెన్ని కళ్ళజోళ్ళు కావాలండీ మీకు?” అని దుకాణంలో జనం ముందే దులిపేసిన రోజులున్నాయి. బావ నవ్వేసి, చేతిలో అద్దం తుడుచుకుంటూ ఉండేవాడు.

ఆ మధ్య బావకి దగ్గు పట్టుకుంది. ఆయన లెక్కలో అదీ ‘చూద్దాంలే’ అయ్యేదే. అక్క ఊరుకోక రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది. నేనూ తోడు వెళ్ళాను. స్కాన్ తీశారు. ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. రెండేళ్ళ క్రితం బావ స్కూటరు మీంచి పడ్డప్పుడు ఛాతీకి తీసిన స్కాన్ ఒకటుందని అక్క చెప్పగానే డాక్టరు ముందుకు వంగాడు. ఆ పాత స్కాన్‌లో కూడా ఈ మచ్చ ఇలాగే ఉంటే ఎప్పటిదో గాయం, వదిలేయొచ్చన్నాడు. అందులో లేకపోతే ఇది కొత్తగా మొలిచిందన్నమాట. అంత త్వరగా ఇంత పెరిగిందంటే చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగలదని, కొంచెం నీళ్ళు నమిలి, చెప్పేశాడు.

పాత స్కాన్ ఉన్నది ఒక డిస్కులో. ఆసుపత్రి కంప్యూటర్లలో డిస్కులు పెట్టే వీల్లేదట, పెన్‌డ్రైవులో ఎక్కించి మంగళవారం పట్టుకురమ్మన్నారు. అప్పట్లో స్కాన్ తీసిన చోటికి వెళ్తే అక్కడ ఇప్పుడు చెప్పుల కొట్టుంది. ఇక మిగిలింది అక్క వాళ్ళింట్లో పాత లాప్‌టాప్ ఒక్కటే. దానికి పక్కన డిస్క్ డ్రైవుంది.

అక్క ఆ రోజునుంచీ ఒకటే మాట పట్టుకుంది, అది పాత మచ్చేనని. బావకి చిన్నప్పుడు న్యుమోనియా వచ్చిందట, ఆ తాలూకుదట. పక్కింటావిడకి చెప్పింది, నాకు ఫోనులో చెప్పింది, పాలు పోసేవాడికి కూడా చెప్పింది. శనివారం సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, “ఒరేయ్ తమ్ముడూ, ఈ కంప్యూటర్లో డిస్కు పెట్టే చోటు తెరుచుకోవట్లేదురా, రేపొకసారి వచ్చిపో,” అంది.

మా ఆఫీసులో ప్రింటరు ఆగితే అందరూ నన్నే పిలుస్తారు. అందుచేత కంప్యూటర్లు నాకు కొట్టిన పిండి అని నా నమ్మకం. అరగంటలో తేల్చేస్తానని చెప్పి ఆదివారం పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. తెర మీద డ్రైవు బొమ్మే లేదు. మీట నొక్కితే చిన్న దీపం వెలగాలి, అదీ లేదు. ఆపి మళ్ళీ పెట్టాను. యంత్రభాగాల పట్టిక తెరిచి చూశాను, దాని పేరు ఎక్కడా లేదు. ఫోనులో ఒకతను వీడియోలో చెప్పిన ప్రకారం కంప్యూటరు సెట్టింగుల్లో ఏవో రెండు పంక్తులు చెరిపేశాను. గుండె గుప్పిట్లో పెట్టుకుని మళ్ళీ పెట్టాను. లాప్‌టాప్ లేచింది గాని డ్రైవు లేవలేదు. అక్క తల్లో పిన్ను అడిగి తీసుకుని, తిన్నగా చేసి, డ్రైవు మూతిమీదున్న సన్నటి బెజ్జంలో పొడిచాను. డిస్కు పెట్టే అర బయటికొచ్చింది. డిస్కు పెట్టి మూశాను. లోపల ఏమీ తిరిగిన చప్పుడు లేదు. చివరికి లాప్‌టాప్ లేచేముందు వచ్చే నీలం తెరలోకి వెళ్ళి చూశాను. అక్కడా లేదు. అంటే తప్పు ప్రోగ్రాముల్లో లేదు, డ్రైవే చచ్చిపోయుండాలి.

సాయంత్రానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వింతేమిటంటే అంతసేపూ అక్క నన్ను ఒక్క మాట అనలేదు. మామూలుగా అయితే ఈపాటికి చేతకాకపోతే లేవమని తరిమేసేది. అలాంటిది టీ మీద టీ పెట్టి ఇచ్చింది. తెర వైపు ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. “అలిసిపోయావు, ఇక ఆపరా,” అంది. బావ సంగతి చెప్పనే అక్కర్లేదు, నేను వచ్చానని తెలిసి గడప దాటినవాడు చీకటి పడ్డాకే వచ్చాడు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో చెప్పి, అక్క ఇంటి నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బావ దుకాణానికి వెళ్ళాను. దాన్ని విప్పాలంటే చిన్న స్క్రూడ్రైవరు కావాలి, అవి ఆయన దగ్గర దండిగా ఉంటాయి. బావ ఒక్కడే ఉన్నాడు. సంచీ చూడగానే ఆయన మొహం మారింది.

“ఎండలో వచ్చావు, కాసేపు కూర్చోరా. చూద్దాంలే,” అన్నాడు.

“నువ్వు చూడక్కర్లేదు బావా, నేను చూస్తాను. స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు,” అన్నాను విసుగ్గా.

లాప్‌టాప్ బల్ల మీద బోర్లా తిప్పాను. అన్ని బెజ్జాల్లోనూ స్క్రూలున్నాయి. డ్రైవుని పట్టి ఉంచే బెజ్జం ఒక్కటే ఖాళీ. అప్పుడు పక్కనుంచి వంగి చూస్తే డ్రైవు గోరంత ముందుకు జరిగి ఉంది. లోపల తగలాల్సింది తగలడం లేదు, కంప్యూటరు దాన్ని చూడడం లేదు. అంతే సంగతి. నిన్నంతా నేను చేసిన ఘనకార్యానికి నా మీద నాకే అసహ్యమేసింది.

“దీని స్క్రూ ఎక్కడో ఊడిపోయింది బావా. నీ దగ్గర ఈ కొలతది ఉందేమో చూడు.”

ఆయన బల్ల సొరుగు నిండా స్క్రూలే. రకానికో చిన్న డబ్బా. వాటి జోలికి పోలేదు. చొక్కా జేబులోంచి తన కళ్ళజోడు పెట్టె తీసి, తెరిచి, అందులోంచి ఒక నల్ల స్క్రూ తీసి నా ముందు పెట్టాడు. కొలత చూడాల్సిన పని లేకపోయింది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

“నీకేమైనా పిచ్చా బావా? చిన్నపిల్లాడివా? తెలుసుకోకపోతే జబ్బు పోతుందా? అక్క అక్కడ ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంటే నీ చూద్దాంలే నీదేనా?”

“అరవకు. నాకు తెలియాల్సిందేం లేదురా,” అన్నాడు బావ. “స్కూటరు మీంచి పడ్డ రోజున మీ అక్క మందులకి వెళ్ళింది. అప్పుడే డాక్టరు నాకు తెర మీద చూపించాడు. ఎముక విరగలేదు, ఊపిరితిత్తులు కడిగిన అద్దాల్లా ఉన్నాయి, అదృష్టవంతుడివి అన్నాడు. అప్పుడు మచ్చా లేదు, ఏమీ లేదు.”

చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాను. “మరి డిస్కే పారెయ్యకపోయావా?” అన్నాను.

“పారేస్తే ఇల్లంతా తవ్విపోస్తుంది. ఇలా అయితే తప్పు కంప్యూటరు మీదకి పోతుంది. డిస్కు చేతిలో ఉంటే ఆశా చేతిలో ఉన్నట్టే కదా. డాక్టరు మాట విన్నప్పట్నుంచీ పాత మచ్చే, పాత మచ్చే అనుకుంటూ రాత్రిళ్ళు నిద్రపోతోందిరా. రేపు ఎలాగూ నేనే వెళ్ళి డాక్టరుకి చెప్పేస్తాను. ఇవ్వాళ ఒక్కరోజు పడుకోనీ అనుకున్నాను.”

మొండితనం అనండి, ఆయన మాట తప్పు కావాలన్న ఆశ అనండి, డ్రైవుని బొటనవేలితో లోపలికి నెట్టి స్క్రూ బిగించి మీట నొక్కాను. చిన్న దీపం వెలిగింది. లోపల డిస్కు తిరిగిన చప్పుడు దుకాణమంతా వినబడింది. నిన్నంతా ఆ చప్పుడు కోసమే కూర్చున్నాను. ఇప్పుడది ఆగిపోతే బాగుండుననిపించింది. బొమ్మలు వచ్చాయి. నాకు వైద్యం రాదు. అయినా కింద కుడివైపు డాక్టరు వేలుపెట్టి చూపించిన చోటు నాకు గుర్తుంది. ఒక్కొక్క బొమ్మే జరుపుతూ ఆ మచ్చ కోసం దేవులాడాను. అది అక్కడ ఉండాలని జీవితంలో దేన్నీ కోరుకోనంతగా కోరుకున్నాను. లేదు. బావ తెర వైపు చూడలేదు, ఎవరిదో కళ్ళజోడు తీసుకుని తుడుస్తూ ఉన్నాడు. బొమ్మలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి జేబులో వేసుకున్నాను. ఏడుపొచ్చింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. బావ తల అడ్డంగా ఊపాడు. నేను దుకాణం మెట్ల మీదకి వచ్చాను. బావ నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

“ఏరా, కనబడిందా?” అంది అక్క.

ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు అక్కడితో సరి.

“లేదక్కా. కంప్యూటరు దాన్ని ఇంకా గుర్తించట్లేదు.”

ఇంకో చోట చూపించమంటుందనుకున్నాను, చేతకాని వెధవా అని తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అక్క మెల్లిగా ఊపిరి వదిలింది. నిరాశపడ్డ మనిషి వదిలే ఊపిరి కాదది. తలమీద బరువు ఎవరో కాసేపు అందుకుంటే వదిలే ఊపిరి.

“పోనీలేరా. ఇవ్వాల్టికి వదిలెయ్. చూద్దాంలే,” అని పెట్టేసింది.

“ఏమంది మీ అక్క?” అన్నాడు బావ.

“చూద్దాంలే అంది.”

బావ మెట్టు మీద కూలబడ్డాడు.

“అయితే దానికీ తెలిసిపోయిందన్నమాట,” అన్నాడు.