బాబాయి అడిగిన సాలో

నిన్న మనవరాలి ఫోన్లో ఏదో వంట వీడియో. పంది కొవ్వు పలకకి కల్లుప్పు, వెల్లుల్లి రుద్దుతున్నారు. "సాలో" అన్నాను. "నీకెలా తెలుసు అమ్మమ్మా?" అంది.

రష్యా పత్రికల నున్నటి కాగితాలతో స్కూలు పుస్తకాలకి అట్టలేసుకున్న మీకే చెప్పాలి. మా బాబాయి ఇంజనీరింగు చదవడానికి అప్పట్లో సోవియట్ దేశంలో ఉన్న కీవ్ వెళ్లి, ఊపిరితిత్తుల జబ్బుతో వేమూరు తిరిగొచ్చాడు. అక్కడ తను అద్దెకున్న ఇంటి యజమానురాలు చలికాలమంతా రొట్టె మీద ఉప్పులో ఊరిన పంది కొవ్వు పెట్టేదని ఒకరోజు నోరుజారాడు. ఆ పూట నుంచే నాయనమ్మ బాబాయి కంచం వసారాలోకి మార్చేసింది. కొడుకుతో మాటలూ తగ్గించేసింది.

వానాకాలం వచ్చేసరికి బాబాయికి అన్నం సయించలేదు. "ఏం తినాలనుందిరా?" అని నాన్న అడిగాడు.

"సాలో ఉంటే బాగుండు అన్నయ్యా."

ఆ మాట లోపలున్న నాయనమ్మ చెవిన పడింది. మర్నాడు నాయనమ్మే తెనాలి వెళ్లి, పందులు పెంచేవాళ్ల దగ్గర కొవ్వు కొని, బుట్టలో ఆకుకూర కింద దాచి తెచ్చింది. వసారాలో కొడుకు పక్కన కూర్చుని, ఎలా చేస్తారో అడుగుతూ ఉప్పు రుద్దింది. వెల్లుల్లి ఘాటు, మందుల వాసన కలిసి ఇల్లంతా పట్టేశాయి.

అది ఊరేలోపు బాబాయికి మింగుడుపడటం ఆగిపోయింది. అయినా పల్చటి ముక్క కోసి నోట్లో పెట్టింది.

"అలాగే ఉందా నాయనా?"

"అచ్చం అలాగే ఉందమ్మా."

ఆ సాయంత్రమే పోయాడు. స్నానం చేయించేటప్పుడు చూస్తే ముక్క బుగ్గలోనే ఉంది. నాన్న తీసి పారేయబోయాడు. నాయనమ్మ అందరి ముందూ ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని కొంగున ముడేసుకుంది.