మొదటి పిలుపు

కుప్పంలో మా మనవరాలి బడికి ఫైరింజన్ వాళ్లు వచ్చి, పొగలో మనుషులను ఎలా వెతుకుతారో చూపించారు. ఒకతను మోకాళ్ల మీద పాకుతూ, ఒక చెయ్యి గోడను వదలకుండా, "ఎవురన్నా ఉండారా? పలకండప్పా!" అని పిలిచాడు. ఆ పిలుపు నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను.

నాకప్పుడు ఆరేళ్లు. గుడుపల్లె దగ్గర పొలంలో మాది ఒంటరి ఇల్లు. అమ్మానాన్నలు దూరంగా మల్బరీ తోటలో ఉన్నారు. మిట్టమధ్యాహ్నం ఇంట్లో పట్టుపురుగుల తట్టలకు నిప్పంటుకుంది. రోడ్డున పోయేవాళ్లెవరో ఫైరింజన్ వాళ్లకు కబురు చేశారట. అవ్వ లోపలి గదిలో పడుకుని ఉంది. నేను వసారాలో మంచం కింద దూరాను.

ముఖానికి తడిగుడ్డ కట్టుకున్న ఆకారమొకటి పొగలో పాకుతూ వచ్చి పిలిచింది. అచ్చం ఆ మాటే. దయ్యమనుకున్నాను.

"మిట్టమధ్యాన్నం ఎవురు పిలిసినా మొదటి పిలుపుకు పలకబాకమ్మా. దయ్యం ఒకసారే పిలుస్తాది" అని అవ్వ చెప్పేది.

నోరు మూసుకున్నాను. మంచం కింద తడిమిన చెయ్యి నా కాలు పట్టుకుంది.

బయట దించి అడిగాడు. "లోపల ఇంకెవురన్నా ఉండారా తల్లీ?"

పలకలేదు. అతను చుట్టూ చూసి, నా భుజాలు పట్టి మళ్లీ అడిగాడు.

"అవ్వ ఉండాది."

పరుగున వెళ్లి అవ్వను మోసుకొచ్చాడు. ఆమె కళ్లు తెరవలేదు.

"ఇంకొంచెం ముందు తెచ్చింటే" అన్నారెవరో. అతను తల వంచుకున్నాడు. నన్ను రెండుసార్లు అడగాల్సి వచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలు నన్ను చూసి నవ్వుతుంది. "ఎందుకవ్వా, నేను పిలవకముందే పలుకుతాండావు?"