మా చెల్లి ఎడమచేతి నల్ల గ్లౌజు

మా తోడికోడలు పోయింది. నేను చెల్లీ అనే పిలిచేదాన్ని. మొన్న ఆదివారం పొద్దున చర్చికి కట్టుకోవాల్సిన చీర తీసి మంచం మీద పెట్టుకుని, ఆ చీర పక్కనే ఒరిగిపోయిందట. "పెద్దమ్మా, అమ్మ లేవట్లేదు" అని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ఆ ఒక్క మాటతోనే నాకు అర్థమైపోయింది.

నేను పుట్టుభయస్తురాలిని. హంసలదీవి దగ్గర, ఉప్పెన చూసిన ఊళ్లో పుట్టాను. గ్యాస్ కట్టేశానా, గొళ్లెం పెట్టానా, బస్సు వారధి దాటిందా అని రోజంతా ఏదో ఒక బెంగ. ఇన్ని బెంగల్లో చెల్లి నాకంటే ముందు పోతుందన్న బెంగ మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. నాకంటే చిన్నది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద "ప్రార్థనాపరురాలు, ఉత్తమ ఇల్లాలు" అని వేశారు. రెండూ నిజమే. వేయని మాట ఒకటుంది. అది నేను రాస్తున్నాను. మా చెల్లి బందరులో పూల్ పార్లర్ నడిపింది, అదే, పొడుగు కర్రతో బంతుల్ని కొట్టి బల్ల గుంటల్లో వేసే ఆట. నడపడమే కాదు, ఆడేది. బాగా ఆడేది. ఇది రాస్తే ఎవరేమంటారోనని ఇప్పుడు కూడా నా అరచేతులు చెమటలు పడుతున్నాయి, పెన్ను జారుతోంది. కొంగుతో తుడుచుకుని రాస్తున్నాను.

ఆ బల్ల చెల్లి భర్త, మా మరిది తెచ్చింది. గుడివాడలో ఎవరో అమ్మేస్తుంటే లారీలో వేయించుకొచ్చి, కోర్టుల వైపు వెళ్లే దారిలో రేకుల షెడ్డులో పెట్టాడు. పెట్టిన కొన్నాళ్లకే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. మగాళ్లాడే చోటు, ఇక మూసేయమని చుట్టాలంతా ఒకటే మాట. చెల్లి అందరికీ కాఫీలిచ్చి, "బల్లకి ఆడా మగా తేడా తెలీదండీ. వాన చుక్క పడితే పాడవుతానని మాత్రం తెలుసు. రేకు కారుతోంది, ఎవరైనా మనిషిని చూసిపెట్టండి" అంది. మర్నాడు రేకు బాగుచేయించి, ప్రార్థన చేసుకుని, షెడ్డు తీసింది.

బందరు గాలి సంగతి మీకు తెలిసిందే. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసినా ముద్దకడుతుంది. ఆ గాలిలో ఈ ఆటకి వచ్చే చిక్కంతా ఎడమచేతి దగ్గరే. ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి, బొటనవేలిని చూపుడువేలికి చేర్చి కాస్త పైకెత్తితే ఒక చిన్న గాడి వస్తుంది. కర్ర ఆ గాడిలోంచే ముందుకీ వెనక్కీ జారాలి. అక్కడ పట్టేసిందంటే ఎంత మొనగాడి బంతి అయినా దారి తప్పాల్సిందే.

ఒకసారి ప్లీడరు గుమాస్తా ఒకాయన విసుక్కున్నాడు. "అక్కగారూ, ఈ కర్ర పట్టేస్తోందండీ. వేరేది ఇవ్వండి."

"కర్రకేం కాలేదు తమ్ముడూ. ఏదీ, చెయ్యి చూపించు. ఏం తిన్నావు?"

"లడ్డు అండీ."

"నీ చేతిన నెయ్యి కారుతుంటే నా కర్రని అంటావేం? వెళ్లి సబ్బుతో కడుక్కురా. బందరు లడ్డు కడుపుకి మంచిది, కర్రకి కాదు."

షెడ్డంతా గొల్లుమన్నారు. ఆయన కడుక్కొచ్చి, తుడుచుకుని ఆడాడు. కర్ర జారింది.

పౌడరు డబ్బాని గుమ్మం దాటనిచ్చేది కాదు. చేతికి పౌడరు రాస్తే మొదట్లో హాయిగా ఉంటుంది, కాసేపటికి చెమటతో కలిసి పిండిలా అతుక్కుంటుంది, ఆ మరకలన్నీ బల్ల మీది పచ్చగుడ్డకి. "ఇప్పటికి జారితే సరిపోదక్కా, ఆట అయ్యేదాకా జారాలి" అనేది. ఎవరో తెలివిగలవాడు గరుకు కాగితంతో కర్ర రుద్దితే, అరిగిన సబ్బుబిళ్లలా సన్నబడిపోయింది. ఆ రోజు చెల్లి అన్నం సరిగ్గా తినలేదు. తన పద్ధతి వేరే. గట్టిగా పిండిన తడిగుడ్డతో మురికి తీయాలి. ఆ తడి చెక్కలోకి దిగకముందే పొడిగుడ్డతో తుడవాలి. తర్వాత అరచేతిలో పట్టేంత తోలుముక్కతో, చేతికి వెచ్చగా తగిలేదాకా రుద్దాలి. రోజూ ఇదే.

నాది చెమట చెయ్యి అని చెప్పాను కదా. బెంగ పుట్టగానే అరచేతులు తడిసిపోతాయి. ఆ తడి చూసే చెల్లికి గ్లౌజు ఆలోచన వచ్చిందట. కొన్న గ్లౌజులు తన చేతికి వదులు. నా మనవరాలి పాత నల్ల లెగ్గింగు కత్తిరించి నన్నే కుట్టమంది. బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి తొడుగు. మిగతా రెండువేళ్లూ ఖాళీ. మొదటిది కుట్టి ఇస్తే వేసుకుని చూసి విప్పేసింది.

"కుట్టు సరిగ్గా గాడిలోకొచ్చింది అక్కా. కర్ర దాని మీద తట్టుకుంటోంది. చేతి వెనక్కి మళ్లించు."

"వెనక్కంటే పిగిలిపోతుందేమోనే."

"పిగిలితే మళ్లీ కుడతావు. నువ్వెక్కడికి పోతావ్?"

ఎక్కడికీ పోలేదు. ఎన్ని కుట్టానో నాకే తెలీదు.

తుఫాను హెచ్చరిక ఇచ్చిన ఒక మధ్యాహ్నం మాత్రం మరచిపోలేను. మా అబ్బాయి బస్సు డ్రైవరు. అవనిగడ్డ వైపు వెళ్లాడు. గాలి లేచింది, ఫోన్ కలవడం లేదు. షెడ్డులో బల్లచుట్టూ తిరుగుతూ ఏడుస్తున్నాను. చెల్లి నా చేతులు పట్టుకుని తుడిచి, గ్లౌజు తొడిగి, కర్ర పెట్టింది.

"ఇప్పుడు ఆటేమిటే, నీకేమన్నా పిచ్చా?"

"ఆట కాదు. బంతి వద్దు. ఊరికే కర్ర జారించు."

"నాకు భయంగా ఉందే."

"భయం పోనక్కర్లేదక్కా. చెయ్యి ఆరితే చాలు."

బంతి లేని బల్ల మీద కర్రని ముందుకీ వెనక్కీ జారిస్తూ నిలబడ్డాను. రేకులు దడదడలాడుతున్నాయి. భయం పోలేదు, నిజం చెబుతున్నాను. కానీ ఆ భయంతోనే నిలబడగలిగాను. చీకటి పడకముందే అబ్బాయి ఫోన్ చేశాడు. "చూశావా, బాగానే జారించావు" అంది చెల్లి, తుఫాను సంగతే ఎత్తకుండా.

మా సంఘ పెద్దగారు మాకు అన్నయ్య వరస. మంచి మనిషే. "చెల్లెమ్మా, ఆ షెడ్డు మూసేస్తే మన సంఘానికి గౌరవం" అని ఎన్నిసార్లు చెప్పారో. "ఒక్కసారి వచ్చి కర్ర పట్టి చూడండి అన్నయ్యగారూ. అప్పుడు కూడా మూయమంటే చూద్దాం" అనేది చెల్లి. ఆయన రాలేదు. షెడ్డు మూతపడలేదు. గుడ్లవల్లేరు కాలేజీ ఆడపిల్లలు కూడా బస్సెక్కి వచ్చి ఆడేవారు. కూడిక నాడు వెనక వరుసలో నిలబడి ఏడ్చింది వాళ్లే.

సమాధికి తీసుకెళ్లే ముందు చెల్లిని ఫ్రీజర్ పెట్టెలోంచి తీశారు. మాలో పోయినవాళ్లకి తెల్లబట్టలు కట్టి, చేతులకి తెల్ల గ్లౌజులు తొడుగుతారు. చెల్లికీ తొడిగారు. ఐదువేళ్లకీ ఐదు తొడుగులు, చుట్టూ లేసు. పెళ్లికూతురి చేతుల్లా ఉన్నాయి. చూస్తూ నిలబడ్డాను. ఎడమచెయ్యి మాత్రం ఎవరిదో అనిపించింది. నా సంచిలో నల్లది ఉంది. తీశాను.

"అదేమిటమ్మా?" అన్నారు పెద్దగారు.

"చెల్లి గ్లౌజండీ."

"ప్రభువు ఎదుటికి వెళ్లే బిడ్డకి ఆటల గ్లౌజా? నలుగురూ చూస్తున్నారు. లోపల పెట్టండి."

ఆయన మాటకి నేను జీవితంలో ఎదురు చెప్పలేదు. ఆయనకనేమిటి, ఎవరికీ చెప్పలేదు.

"ఆ చెయ్యి చేసింది ప్రభువే కదా అన్నయ్యగారూ" అన్నాను. "అది ఏం పని చేసిందో ఆయన చూస్తూనే ఉన్నాడు. మనం దాచడానికి చూస్తున్నది ఆయన దగ్గర కాదండీ, వీధి వాళ్ల దగ్గర."

నేను తెల్ల గ్లౌజు విప్పాను. పెట్టెలోని చల్లదనానికి చెల్లి చెయ్యి చెమర్చి ఉంది. నల్లది ఎక్కడం లేదు, వేళ్ల దగ్గరే పట్టేస్తోంది. పక్కనున్నావిడ జాలిపడి పౌడరు డబ్బా అందించింది. "వద్దమ్మా, మా చెల్లికి గిట్టదు" అన్నాను. పిండిన గుడ్డతో ఒకసారి తుడిచాను. తర్వాత పొడిగుడ్డతో, వేలు వేలూ విడిగా, సందుల్లో కూడా. తొందరపడలేదు. పెద్దగారు వాచీ చూసుకున్నారు. చూసుకోనిచ్చాను. నా చేతులు తడుస్తుంటే అవీ తుడుచుకుని, మళ్లీ చెల్లివి తుడిచాను. చెయ్యి ఆరింది. ఈసారి గ్లౌజు ఎక్కడా ఆగకుండా, కుట్టు వెనక్కి వచ్చేలా, మణికట్టు దాకా జారింది.

పెద్దగారు దగ్గరికి వచ్చి, "సరే, ప్రార్థన చేద్దాం" అన్నారు.

శవపేటిక మూత వేసేటప్పుడు తొంగి చూశాను. తెల్లటి కుడిచెయ్యి కింద, నల్లటి ఎడమచెయ్యి పైన. బొటనవేలు చూపుడువేలికి ఆనుకుని, ఎప్పటిలాగే కాస్త పైకి లేచి ఉంది. ఆ రెండింటి మధ్య గాడి అలాగే ఉంది, కర్ర ఒకటి హాయిగా జారిపోయేంత.