టైటస్ రాయని రిపోర్టు

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల టైటస్ రాసిన అర్జీ వెనక్కి రాదని పేరు. పింఛను ఆగిపోయినా, రేషను కార్డులో పేరు తప్పు పడినా, పంట కాలవ పూడిపోయినా జనం ఆయన వరండా మీదికే వచ్చేవాళ్ళు. చర్చి సంఘానికి ఆయనే సెక్రటరీ. పాస్టరుగారి వీడ్కోలు సభకు సన్మాన పత్రం రాయాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. అలాంటిది, ఆయన భార్య అబిగయీలుకు బ్యాంకులో ఇవ్వడానికి ఒక రిపోర్టు కావలసివస్తే, దాన్ని రాయడానికి ఆమె నెల్లూరు నుంచి ఓ పరాయి మనిషిని పిలిపించుకుంది. అది టైటస్ గుండెలో ముల్లులా దిగింది.

అబిగయీలుది వంట పని. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే కూలీలకు మధ్యాహ్నం భోజనం క్యారేజీలు పంపుతుంది. తోడుగా కామాక్షి అనే ఆమె ఉంటుంది. రానురాను క్యారేజీలు అడిగే గుంటలు ఎక్కువయ్యాయి, ఇంటి వెనక పొయ్యి చాలడం లేదు. ఓ రేకుల షెడ్డు, పెద్ద పొయ్యిలు, సొంతానికి ఓ ట్రాలీ ఆటో ఉంటే బాగుంటుందని ఆమె ఆశ. లోను అడగబోతే బ్యాంకు మేనేజరు, ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో, నష్టం వస్తే ఎలా నిలబడుతుందో రాసిన ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నాడు.

"నవాజ్ అని ఉండాడంట," అంది ఆమె భర్తతో. "ఎవురి కిందా పనిచెయ్యడు, సొంతంగా ఇవే రాసిపెడతా ఉంటాడు. మనుబోల్లో మా లిల్లీ పిండి మరకు ఆయనే రాసిచ్చినాడు."

"నేనుండగానా?"

"నువ్వు అర్జీలు రాస్తావు గదయ్యా. ఇది వేరేనంట."



వచ్చేవాడు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి అయ్యుంటాడని టైటస్ అనుకున్నాడు. తీరా చూస్తే చొక్కా చేతులు మడుచుకున్న కుర్రాడు మోటారు సైకిలు దిగాడు. టైటస్ హాల్లో కుర్చీ చూపిస్తే, "వంట జరిగే చోట కూర్చుంటానన్నా," అని నేరుగా వెనక్కి వెళ్ళి, గడప దగ్గర పీట వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఇక మొదలుపెట్టాడు అడగడం. ఏ బియ్యం వాడతారు? ఏ కూర చేసిన రోజు క్యారేజీలు ఖాళీగా వెనక్కి వస్తాయి? రొయ్యలు పట్టేసి గుంటలు ఎండబెట్టినప్పుడు ఎవరికి వండుతారు? టైటస్ వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ పేజీ తిప్పలేదు. లోపల అబిగయీలు చెబుతూనే ఉంది. మధ్యలో గట్టిగా నవ్వింది. ఆమె అలా నవ్వగలదన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

"అసలు ఇది ఎట్టా మొదలుపెట్టారక్కా?" అన్నాడు నవాజ్.

"ప్రార్థన కూటానికి గుంటల గట్టు మీద పోతా ఉంటే, ఒకాయన చద్దికూట్లో పచ్చిమిరపకాయ నంజుకుంటా ఏడస్తా ఉన్నాడు. కారానికో, ఇల్లు గుర్తొచ్చో. మర్నాడు ఇంత పులుసు తీసకపోయి ఇచ్చినా. అదే."

ఈ సంగతి టైటస్‌కు ఇన్నాళ్ళూ తెలియదు. ఇది జరిగిన రోజు తానెక్కడున్నాడు? ఈ వరండాలోనే ఎవరికో అర్జీ రాస్తూ ఉండి ఉంటాడు.

ఆ కుర్రాడి మీద చెడ్డ అనుమానమేమీ లేదు. నోరారా అక్కా అంటాడు, భార్య ఫరీన్ ఫోటో కూడా చూపించాడు. అనుమానమే అయితే పోట్లాడి తేల్చుకోవచ్చు. ఇది అది కాదు. ఏమిటో చెప్పుకోవడానికి ఆయనకే మాట దొరకలేదు.

"బ్యాంకోళ్ళు తప్పకుండా అడుగుతారక్కా," అన్నాడు నవాజ్. "మీకు ఒంట్లో బాగలేకపోతే పని ఎవరు చూసుకుంటారు?"

"కామాక్షి చూస్తాది."

"అన్న?"

"ఆయనకేం తెలుసు ఇవన్నీ? ఆయన పనులు ఆయనకుండాయి."

కోపంతో అన్నా బాగుండేది. ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా అనేసింది. ఆ మధ్యాహ్నం భోజనంలో పులుసులోని చేప తలకాయ కూడా కుర్రాడి పళ్ళెంలోకే వెళ్ళింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో తలకాయ టైటస్‌ది.

మళ్ళీ వారం నవాజ్ రావాలి. ఈలోపు ఒక పొద్దున టైటస్ అతనికి ఫోన్ చేశాడు. "మా ఇంటామె మనసు మార్చుకున్నాది. లోను వద్దంటా ఉంది. నువ్వింక రాబాకు."

ఫోన్ పెట్టేసి తెల్ల కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాడు. 'గౌరవనీయులైన మేనేజరు గారి సముఖమునకు' అన్న వాక్యం అందంగా వచ్చింది. 'నా భార్య మిక్కిలి కష్టజీవి' అన్నదీ వచ్చింది. తర్వాత ఏ గుంటలకు క్యారేజీలు వెళ్తాయో రాయాలి. తెలియదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అడగడానికి మొహం చెల్లక మంచినీళ్ళు తాగి తిరిగొచ్చాడు.

నవాజ్ రావాల్సిన రోజున అబిగయీలు క్యారేజీలు ముందే పంపేసి ఎదురుచూసింది. ఎంతకూ రాకపోతే ఫోన్ చేసింది. మాట్లాడి వరండాలోకి వచ్చింది.

"నేను వద్దన్నానంట. నా నోట్లో లేని మాట నువ్వెట్టా చెప్పినావయ్యా?"

"ఇంట్లో రాసేవాణ్ణి పెట్టుకోని బయటోడెందుకు? నేను రాస్తా ఉండా, చూడు."

ఆమె కాగితం తీసుకుని ఆ రెండు వాక్యాలూ చదివింది. నవ్వలేదు.

"నీ రాత ఎప్పుడూ బాగుంటాది. నువ్వు రాస్తే నన్ను ఒక్క మాట అడగవు. ఆ పిల్లోడు అన్నీ అడిగినాడు. నా పని గురించి నన్ను అడిగినోళ్ళు ఇన్నేళ్ళలో ఎవురుండారో చెప్పు." ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "రమ్మని నువ్వే చెప్పు."

టైటస్ చెప్పాడు. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే, అబద్ధం తనదేనని కూడా చెప్పాడు.  "సరేలేన్నా, రేపొస్తా," అన్నాడు నవాజ్.

రిపోర్టు పూర్తయింది. బ్యాంకువాళ్ళు అడిగినంత ఇవ్వలేదు గానీ షెడ్డుకూ పొయ్యిలకూ సరిపడా ఇచ్చారు, ఆటో తర్వాత చూద్దామన్నారు. షెడ్డు ప్రతిష్ఠ ప్రార్థన రోజున అబిగయీలు అందరి ముందూ నవాజ్‌కు కృతజ్ఞత చెప్పింది. టైటస్ చేతులు చప్పట్లు కొట్టాయి, మనసు కొట్టలేదు. పక్కనున్న సంఘ పెద్ద చిన్నపోలయ్య ఆయన భుజం తట్టాడు.

"ఆ పిల్లోడిదేముంది, మాటలన్నీ నీవే అయ్యుంటాయిలే టైటసూ."

అవునని తల ఊపితే చాలు. ఊపాలనే ఉంది.

"నావి కాదు పెద్దాయనా. అన్నీ అతనే అడిగి రాసినాడు."

ఆ మాట నాలుక మీద గొడ్డుకారంలా మండింది.

జనం వెళ్ళిపోయాక అబిగయీలు కొత్త గిన్నెలు సర్దుతోంది. టైటస్ కాసేపు తచ్చాడి అడిగాడు.

"ఈ పనిలో నీకు ఏది కష్టం?"

ఆమె చెయ్యి ఆగింది. "ఇది నవాజ్ కూడా అడగలేదే!"

టైటస్ లోలోపల ఎంత సంతోషపడ్డాడో దేవుడికే తెలియాలి.

"పొద్దస్తమానం వండినాక నాకు తినబుద్ది కాదు," అంది. "ఎవురన్నా వండి పెడితే తిందామనిపిస్తాది."

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక టైటస్ అన్నం వండాడు. అడుగంటింది. పప్పులో ఉప్పు మరిచిపోయాడు. ఆమె ఉప్పు అడిగి వేయించుకుని, మళ్ళీ పెట్టించుకుని తిన్నది.